తొమ్మిదికి వర్గమూలం

ఈ ఉదయం క్లాసులో సుద్దముక్క బోర్డు మీద కీచుమంది. ముందు బెంచీ పిల్లలు చెవులు మూసుకున్నారు. నాకు మాత్రం సుద్దముక్కను రెండుగా విరిచి, విరిగిన వైపుతో రాసే కామేశ్వరి టీచరుగారు గుర్తుకొచ్చారు. నర్సీపట్నంలో మా వీధిలోనే ఉండేవారు. హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు.

డెబ్బైల చివర్లో నేను ఇంటర్మీడియట్ మొదటి ఏడాది లెక్కల్లో తప్పాను. చర్చికి బల్లలూ కుర్చీలూ చేసే మా నాన్న నన్ను తిట్టలేదు. "పోనీలేమ్మా, ఆర్ట్సులో సేరిపో" అన్నాడు. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు. ఆ సాయంత్రమే పుస్తకం పట్టుకుని టీచరుగారింటికి వెళ్లాను.

ప్రమేయాలు, అంటే ఫంక్షన్ల పాఠమే నాకు కొరుకుడు పడలేదు. ఆవిడ తొమ్మిదిలోంచి ఎక్స్ వర్గం తీసేసి, మిగిలినదానికి వర్గమూలం గుర్తు వేశారు. "ఎక్స్ బదులు నాలుగు వేసి సూడు." వేశాను. గుర్తు కింద మైనస్ ఏడు వచ్చింది. "రాదండి" అన్నాను. "మరి ఏయే అంకెలు వేస్తే వస్తాదో అదే ప్రదేశం. ఇంకేటీ లేదు." మైనస్ మూడు నుంచి మూడు దాకా అని నేనే చెప్పగలిగాను. ఏడాదంతా అర్థం కానిది పది నిమిషాల్లో తేలిపోయింది.

బయటికి వచ్చే విలువలన్నీ కలిపి వ్యాప్తి అన్నారు. నేను మళ్లీ మైనస్ మూడు నుంచి మూడు అన్నాను. "అంతే కదా" అన్నారు ఆవిడ కూడా. పుస్తకం వెనక జవాబు సున్నా నుంచి మూడు అని ఉంది. మళ్లీ ఓసారి లెక్క వేసి చూశారు. "నాకూ తెలీటం లేదమ్మా. కనుక్కుందాం" అన్నారు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్లారు. లెక్కల లెక్చరరు ఆవిడకంటే ఇరవై ఏళ్లు చిన్న. సందేహం విని నవ్వాడు. "ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నారు, ఇది తెలీదా అండీ?"

"తెలీకే వొచ్చాను బాబూ. నవ్వడం అయ్యాక సెప్పండి."

అతను నవ్వు ఆపేశాడు. ఎక్స్ సున్నా అయితే గుర్తు కింద తొమ్మిదే మిగులుతుంది. మూడు వర్గమూ తొమ్మిదే, మైనస్ మూడు వర్గమూ తొమ్మిదే. కానీ ఆ గుర్తు వేశాక మైనస్ విలువ తీసుకోకూడదన్నాడు. రెండూ తీసుకుంటే ఒకే ఎక్స్‌కి రెండు జవాబులు వస్తాయి, అప్పుడది ప్రమేయమే కాదన్నాడు. ఆవిడ ప్రతి మాటా రాసుకున్నారు.

ఇంటిదారి పట్టాం. నా వల్లే ఆవిడకు అవమానం జరిగిందని నేను తలెత్తలేదు. ఇంటి మలుపులో ఆగి, "రేపు బేగి రా. ఇంకా బోలెడు లెక్కలున్నాయి" అన్నారు.

ఆ మర్నాడు హైస్కూల్లో పదో తరగతిలో జరిగినదంతా అదే క్లాసులో ఉన్న మా చెల్లి చెప్పింది. టీచరుగారు పాఠం మొదలుపెట్టకముందే, "తొమ్మిది మీద ఈ వర్గమూలం గుర్తేసి ప్లస్ ఆర్ మైనస్ మూడు అని మీకు సెప్పాను. మీ అక్కలకీ అన్నలకీ అలాగే సెప్పాను. అది తప్పు" అన్నారట. అందరి నోట్సులూ తెప్పించుకుని తానే దిద్దారట.

సెప్టెంబరు పరీక్షలో గట్టెక్కాను. లెక్కలు వదల్లేదు, చివరికి అవే నా ఉద్యోగమయ్యాయి. ఏటా ఎవరో ఒకరు లేచి ఆ మైనస్ మూడే చెబుతారు. నవ్వను. నాకు తెలియనిది అడిగితే, నాకంటే చిన్నవాళ్లనైనా వెళ్లి అడుగుతాను. నేనే పొరపాటుగా చెప్పానని తెలిసిన రోజు మాత్రం క్లాసులో అడుగుపెట్టడం ఇప్పటికీ కష్టమే. అయినా, పాఠం మొదలుపెట్టకముందే, చెప్పేస్తాను.