నిండుగా ఉన్న ల్యాప్‌టాప్

మా ఇంట్లో ఖాళీ గిన్నె కనిపించదు. కొనకనమిట్లకు కోడలిగా వచ్చిన కొత్తలో నాకది వింతగా ఉండేది. నీళ్ల ట్యాంకర్ వచ్చిన రోజు మా అత్త డ్రమ్ములు, బిందెలతో ఆగదు. కుక్కరు, చారుగిన్నె, చివరికి నా లంచ్ బాక్సు కూడా నింపి మూత పెడుతుంది. మళ్లీ ట్యాంకర్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. గిన్నె ఊరికే ఉండి ఏం లాభం అంటుంది.

నా ల్యాప్‌టాప్ నాకు దక్కింది ఆ గిన్నెల వల్లే.

గిద్దలూరులో డిగ్రీ చదివేటప్పుడు నాయన కొనిచ్చిన ల్యాప్‌టాప్ అది. పాప పుట్టాక నాదంటూ మిగిలిన వస్తువు అదొక్కటే. ఇంట్లోనే ఉండి చేసుకునే ఉద్యోగం ఒకటి చూసుకుని, దాని పరీక్షకు తయారవుతున్నాను. ఆ పరీక్ష ఫోన్‌లో రాయడం కుదరదు. సరిగ్గా అప్పుడే ల్యాప్‌టాప్ కాస్త నెమ్మదించింది. మా ఆయన మార్కాపురంలో రిపేరు దుకాణానికి తీసుకుపోతే, దుకాణమాయన మెమరీని ఖాళీ చేసే ప్రోగ్రాం ఒకటి వేసి పంపాడు. దాంతో మరీ మొండికేసింది. ఇప్పుడే మూసిన ఫైలు మళ్లీ తెరిస్తే, ఎప్పుడూ చూడనట్టు తడుముకునేది.

రెండోసారి పాపను చంకనేసుకుని నేనూ వెళ్లాను. దుకాణమాయన మెమరీ లెక్కలు చూపించే తెర తెరిచి, 'ఫ్రీ' అన్నచోట వేలు పెట్టాడు. అక్కడ దాదాపు సున్నా ఉంది.

"చూడక్కా, ఖాళీ చేస్తాంటే మళ్లీ నిండిపోతాంది. దీని పని అయిపోయినట్టే. ఇచ్చేయండి, బదులుగా మంచి ఫోన్ ఇస్తా."

సోమవారం తెచ్చిస్తామని మా ఆయన మాటిచ్చేశాడు. నాకు ప్రతిదానికీ భయమే. పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునే మనిషిని. దుకాణమాయన మాటే నిజమైతే?

ఇంటికొచ్చి అదే తెర తెరిచాను. 'ఫ్రీ' సున్నా దగ్గరే ఉంది. కానీ దాని పక్కనే 'అవైలబుల్' అని ఇంకో లెక్క ఉంది. అక్కడ సగానికి సగం ఉన్నట్టు చూపిస్తోంది. నిండిపోయినదాంట్లో సగం ఎట్లా మిగిలింది? పాపకు పాలిస్తూ దాని గురించి దొరికినదల్లా చదివాను. సగమే అర్థమైంది.

మర్నాడు పెసరపప్పు నానబెట్టడానికి గిన్నె కావలసి వచ్చింది. వంటింట్లో అన్నీ నిండుగా ఉన్నాయి.

"ఖాళీ గిన్నెలు కావాలంటే మీ అమ్మగారింటికి పో," అంటూనే అత్త చారుగిన్నెలోని నీళ్లు బాత్రూం బకెట్లో ఒంపి, గిన్నె నా చేతికిచ్చింది.

నేను ఆ గిన్నె పట్టుకుని అట్లే నిలబడిపోయాను. ల్యాప్‌టాప్‌ను నడిపించే ఆపరేటింగ్ సిస్టం చేసేది ఇదే. ఊరికే ఉన్న మెమరీలో మనం ఈమధ్య వాడిన ఫైళ్లను నింపి ఉంచుతుంది, అడిగిన వెంటనే ఇవ్వడానికి. కొత్త పనికి చోటు కావాలంటే అప్పటికప్పుడు వాటిని తీసేస్తుంది. అసలు ఫైళ్లు డిస్కులో భద్రంగానే ఉంటాయి. 'ఫ్రీ' అన్నది ఖాళీ గిన్నెల లెక్క మాత్రమే. 'అవైలబుల్' అంటే, కావాలంటే ఒంపి ఇవ్వగలిగిన గిన్నెలు కూడా కలిపి. దుకాణమాయన వేసిన ప్రోగ్రాం నింపినదాన్ని నింపినట్టే పారబోస్తోంది. ల్యాప్‌టాప్ పాపం ప్రతిసారీ డిస్కు నుంచి మోసుకొస్తోంది.

ఆ ప్రోగ్రాం తీసేశాను. మొదట్నుంచీ ఉన్న కాస్త నెమ్మది పోలేదు గానీ, సాయంత్రానికి ఒకసారి తెరిచిన ఫైళ్లు మళ్లీ టక్కున తెరుచుకున్నాయి.

సోమవారం మా ఆయన ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టాడు. నేను బయటికి తీశాను.

"ఏంది ఇది? ఆయనకు మాటిచ్చినా."

"మాటిచ్చింది నువ్వు. ల్యాప్‌టాప్ నాది."

"పరీక్ష మధ్యలో ఆగిపోతే?"

నాకు నేను వేసుకుంటున్న ప్రశ్నే అది. "ఆగిపోతే నేను ఏడుస్తా. ఇచ్చేది మాత్రం లేదు."

వంటింట్లోంచి అత్త అంది: "నిండుగా ఉందని ఇచ్చేసేపనైతే ముందు నా గిన్నెలన్నీ మూట కట్టుకుని పోరా."

పరీక్ష రోజు మా ఆయన పాపను ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ల్యాప్‌టాప్ ఆగలేదు. చివరి జవాబు పంపాక నేను మెమరీ లెక్కల తెర తెరిస్తే, ఆయన వంగి చూశాడు.

"ఇంకా సున్నానే చూపిస్తాంది?"

"చూపించనీ," అని పాపను తీసుకున్నాను.