వెనక్కి చూడని చోబుదారు

అనంతయ్యకు కొలువు తండ్రి నుంచి వచ్చింది, రాజు మాత్రం రాలేదు. తుమ్మగిరి సంస్థానంలో వాళ్లది చోబుదారుల ఇల్లు. పొన్నుకర్ర పట్టుకుని రాజుగారి ముందు నడుస్తూ ‘బహుపరాక్’ అని కేక వేయడం వాళ్ల పని. ఈయనకు ఊహ తెలిసేసరికే సంస్థానం సర్కారులో కలిసిపోయింది, రాజకుటుంబం ఢిల్లీ చేరింది. అయినా ఏటా దసరాకు కోటలోంచి ఖాళీ పల్లకి లేచేది. దాని ముందు తండ్రి, ఆ తర్వాత ఈయన కేకలు వేశారు. కోట అమ్మేశాక అదీ పోయింది.

నాకు తెలిసేనాటికి శంషాబాద్‌లో నా హోటల్ పక్క గదిలో కిరాయికి ఉంటూ, ఎయిర్‌పోర్టు రోడ్డు మొక్కలకు నీళ్లు పట్టేవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఇడ్లీ ముందు కూర్చుని రాజుల ముచ్చట ఎత్తుకుంటే చట్నీ ఎండిపోవాల్సిందే.

2009 దసరాకు రాజుగారి మనవడు విమానంలో వస్తున్నాడని కబురు తెలిసింది.

“పానమున్న రాజు ముందట ఒక్కసారన్న నడవాలె మల్లేశ్వర్, గంతే,” అన్నాడు.

“నిన్ను గుర్తువడ్తడా పెద్దయ్యా?”

“నన్నెందుకు? కేకను గుర్తువడ్తడు.”

నవ్వొచ్చింది. కాదనలేక వెంట వెళ్లాను.

ఎయిర్‌పోర్టులోంచి బయటికొచ్చిన ఒకాయనకు, పేరు రాసిన అట్ట పట్టుకున్న డ్రైవర్ ఎదురెళ్లి సంచీ అందుకుంటే, ఆయనే మనవడని తెలిసింది. జీన్స్ ప్యాంటు, చెవి దగ్గర ఫోను. అనంతయ్య దండం పెట్టి, ఆయన ముందు నడవడానికి ఇటు తిరిగి, వెదురుకర్ర ఎత్తి కేక వేశాడు. అంత గొంతు ఆ బక్క ఒంట్లో ఎక్కడ దాక్కుందో! జనం పక్కకు జరిగారు. మనవడు బిత్తరపోయి, సిగ్గుతో తల దించుకుని కారెక్కి వెళ్లిపోయాడు.

అది అనంతయ్య చూడలేదు. చోబుదారు వెనక్కి చూస్తే రాజు వస్తాడన్న నమ్మకం లేనట్టేనని తండ్రి నేర్పాడట. వెనక ఎవరిదో సామాన్ల బండి చక్రాల చప్పుడు వస్తోంది. దాన్ని నమ్ముకుని కేకలు వేస్తూ నడిచాడు. ఆపకుండా నేనూ వెనకే నడిచాను. కాసేపటికి ఆ బండి కూడా పక్కకు మళ్లింది. ఆయన వెనక నేనొక్కణ్ణే మిగిలాను.

పార్కింగ్ గోడ దగ్గర ఆగాడు.

“దొర వస్తున్నడా?”

“వస్తున్నడు పెద్దయ్యా.”

కర్ర మెల్లగా కిందికి దించాడు.

“నీ చెప్పుల సప్పుడు నాకు తెల్వదా బిడ్డా?” అన్నాడు.

అప్పుడు కూడా వెనక్కి తిరగలేదు.