ఓడెట్ సంతకం

మంచు గడ్డకట్టిన కొండదారుల్లో ఇరవై ఆరేళ్లుగా బడి బస్సు నడుపుతున్న ఓడెట్ థిబోకి అసలైన భయం యాభై ఎనిమిదో ఏట పట్టుకుంది. ఇంటి వెనక గోడ ఉబ్బుతోందని గమనించిన రోజున.

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, బ్యారీ ఊరికి పైన కొండవాలులో ఆమె ఇల్లు. భర్త ఆర్మాన్ గ్రానైట్ షెడ్డులో రాళ్లు కోసి కోసి, ఆ దుమ్ముకే ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. ఆయన పోయిన నెలలోనే వేన్ స్టార్కీ అనే మేస్త్రీ, వాలు మట్టి జారకుండా తొమ్మిదడుగుల రాతిగోడ కట్టి వెళ్లాడు. రెండు చలికాలాలు గడిచాయి. మార్చిలో మంచు కరగడం మొదలయ్యేసరికి గోడ నడిమి భాగం కడుపులా ముందుకొచ్చింది. వంటగది కిటికీకీ దానికీ మధ్య ఆరడుగులు కూడా లేదు. లోపలెక్కడో రాయి కదిలిన చప్పుడైనప్పుడల్లా ఓడెట్ కడుగుతున్న గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయేది.

స్టార్కీని పిలిపించింది. అతను వచ్చి గోడను అరచేత్తో తట్టి చూశాడు.

"కొత్త గోడన్నాక కాస్త సర్దుకుంటుంది ఓడెట్ గారూ. ఊరికే బెంగపడకండి."

"సర్దుకోవడం కాదయ్యా, నా నెత్తిన పడేలా ఉంది. విప్పి మళ్లీ కట్టు. లేదంటే కోర్టుకెళ్తాను."

స్టార్కీ నవ్వాడు. "మీకిక కోర్టు లేదండీ. గొడవొస్తే మధ్యవర్తి దగ్గరే తేల్చుకుంటామని సంతకం పెట్టారు. ఆ మధ్యవర్తిని నేనే చెప్పాలి. మా బావమరిది ఉన్నాడు, చాలా పెద్దమనిషి."

ఆ మాటతో గోడ భయం మీద ఇంకో భయం వచ్చి కూర్చుంది. ఇల్లంతా వెతికినా తన దగ్గరుండాల్సిన ఒప్పందం కాగితం దొరకలేదు. చెల్లెలు లూసెట్ ఫోన్‌లో పోరుపెట్టింది.

"అక్కా, మా ఇంటికొచ్చెయ్."

"నేనొచ్చేస్తే గోడ ఆగుతుందా?"

"పడితే పడనీ. కింద నువ్వుండవుగా!"

ఓడెట్ కదల్లేదు. మాంట్‌పీలియర్ వెళ్లి ప్రిసిల్లా మోర్ అనే వకీలును కలిసింది.

"మేస్త్రీ ఇక్కడివాడే, రాళ్లూ ఇక్కడివే. అందుకని దేశమంతటికీ ఉన్న చట్టం కాదు, మన రాష్ట్రం చట్టమే చూస్తారు," అంది ప్రిసిల్లా. "కోర్టుకెళ్లే హక్కు వదులుకుంటున్నామని తెలిసే ఒప్పుకున్నట్టు విడిగా స్పష్టంగా రాసి, దాని కింద ఇద్దరూ సంతకం పెడితేనే ఆ మధ్యవర్తి షరతు చెల్లుతుంది. మీరు పెట్టారా?"

"గుర్తులేదమ్మా. ఆయన పోయిన నెలలో ఎవరు ఏ కాగితం చాపితే దాని మీద నా పేరు రాసేశాను."

ప్రిసిల్లా దావా వేసింది. అది కోర్టులో నడవొచ్చా లేదా అన్న విచారణ ఏప్రిల్‌లో, సన్నగా వాన పడుతున్న ఒక ఉదయం జరిగింది. స్టార్కీ వకీలు కాగితం తీసి జడ్జి ముందు పెట్టాడు. ఓడెట్ మెడ సాచి చూసింది. ఒప్పుకోలు కింద తన పేరే, తన వంకర అక్షరాలే. అంతా అయిపోయిందనుకుంది.

ప్రిసిల్లా మాత్రం తొణక్కుండా లేచింది. "ఈ సంతకం ఓడెట్ గారిదే. కాదనడం లేదు. రెండో గీత మీద మేస్త్రీగారి సంతకం ఏదీ?"

అక్కడ ఖాళీగా ఉంది.

"కట్టేవాణ్ణి నేను," అన్నాడు స్టార్కీ, మొహం ఎర్రబడి. "నేను కూడా పెట్టాలా?"

"ఇద్దరూ పెట్టాలనే చట్టం చెబుతోంది," అన్నాడు జడ్జి. వ్యాజ్యం కోర్టులోనే నడుస్తుందన్నాడు. గోడను ఇంజనీరు చూసేదాకా ఓడెట్ ఆ ఇంట్లో ఉండకపోవడమే మంచిదని కూడా చెప్పాడు. ఆ సాయంత్రమే ఆమె పెట్టె సర్దుకుని చెల్లెలింటికి వెళ్లింది.

నాలుగో రోజు మధ్యాహ్నం, పిల్లల్ని ఇళ్ల దగ్గర దించుతుండగా గోడ పడిపోయిందని బస్సు రేడియోలో కబురొచ్చింది. వెళ్లి చూస్తే కిటికీ లేదు. పొయ్యి దాకా రాళ్లూ బురదా. ఆమె రోజూ నిలబడే చోట నడుమెత్తు బండ ఒకటి పడి ఉంది. అప్పుడు మొదలైన వణుకు, లూసెట్ వచ్చి దుప్పటి కప్పినా ఆగలేదు.

ఆగస్టులో తీర్పు ఓడెట్ వైపే వచ్చింది. స్టార్కీ ఖర్చుతో వేరే మేస్త్రీ నీళ్లు పోయే దారులు పెట్టి గోడ గట్టిగా కట్టాడు. ఇంజనీరు దాన్ని చూసి, వందేళ్లు ఉంటుందన్నాడు. ఓడెట్ విని తలూపింది. ఆ శరదృతువులోనే ఇల్లు అమ్మేసి, ఊళ్లో చదునైన నేల మీద రెండు గదులు చూసుకుంది.