మెట్లవైపు తలుపు

లేతు మేస్త్రి పని వదిలేసి ఆరేళ్లయినా గోళ్ల సందున నలుపు ఆయన్ని వదల్లేదు. పొద్దున్నే కాఫీ గ్లాసు కడిగి బోర్లించగానే వంటింటి గట్టు మీద కొవ్వొత్తి వెలిగిస్తాడు. సీసం కరిగించి తనే తల పోతపోసిన చేపల గాలాన్ని పటకారుతో పట్టుకుని, ఏడు అంకెలు లెక్కపెట్టేదాకా మంట మీద తిప్పి, రంగు పొడిలో ముంచి తీస్తాడు. పొడి కరిగి మెరుపెక్కుతుంది. దారం కట్టే రంధ్రం పూడిపోకుండా సూదితో పొడిచి, రంగు గట్టిపడటానికి అన్నింటినీ పాత ఓవెన్లో వేలాడదీస్తాడు. మోకాళ్లు మొరాయించి, ఆయన చెరువు ముఖం చూసి రెండేళ్లయింది. డబ్బాలు మాత్రం నిండుతూనే ఉన్నాయి. ఓవెన్ వేసేముందు, పక్కింటి గోడకేసి ఉన్న వెనక కిటికీ తెరవాలన్నది భార్య పెట్టిన షరతు. "ఆ కంపు నా వంటింట్లో ఉండటానికి వీల్లేదు" అనేది. ఆమె పోయి మూడేళ్లు. ఆయన ఒక్కరోజూ షరతు తప్పలేదు.

మొన్న వానకి కిటికీ చెక్క ఉబ్బి బిగుసుకుపోతే, మెట్లవైపు తలుపు తీశాడు. కాసేపటికే పైవాటాలో బట్టలు కుట్టే అమ్మాయి మెడలో టేపుతోనే, ముక్కు మూసుకుని దిగొచ్చింది. "ఏంటి బాబాయ్ గారూ ఈ కంపు? పిన్నిగారుంటే ఊరుకునేవారా?" అని గుమ్మంలో నిలబడి చెడామడా దులిపేసింది. పోతూ పోతూ ఒక ఎర్ర గాలాన్ని చూసి, "బాగానే ఉంది గానీ, ఇన్నెవరికి?" అంది. ఆయన నవ్వాడు. ఆమె వెళ్లాక చూస్తే ఓవెన్లో రంగులన్నీ మాడిపోయి ఉన్నాయి.

మర్నాడు కిటికీ అంచుకి చిత్రిక పట్టాడు. వేలితో తోస్తే తెరుచుకుంది. రెండుసార్లు తెరిచి, మూసి చూసుకున్నాడు. తర్వాత దానికి గడియ పెట్టి, మెట్లవైపు తలుపు బార్లా తీసి, కొవ్వొత్తి వెలిగించాడు.