రెండో ‘హట్’కి లేచిన మనిషి

2022 శీతాకాలం. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఒక ఆసుపత్రి రీహాబ్ వార్డులో ఫిజియోథెరపిస్టుగా అప్పటికి నాకు పదకొండేళ్ల అనుభవం. రీహాబ్ అంటే, జబ్బు తగ్గిన మనిషికి మళ్లీ మంచం దిగడం, నడవడం, తన పని తాను చేసుకోవడం నేర్పే చోటు. నా చేతుల మీదుగా చాలామంది లేచి నడిచారు. ఆ గర్వం నాకు బాగానే ఉండేది, తొందర అంతకంటే ఎక్కువ ఉండేది. ఊరి శివారు పియారా వాటర్స్‌లో మా ఇంట్లో ఇప్పటికీ, పిలిచిన రెండు నిమిషాల్లో భోజనానికి రాకపోతే నేను కంచాలు తీసేస్తానని చెప్పుకుంటారు.

వాల్ట్ డెబ్బై ఐదేళ్ల అమెరికన్. వయసులో ఉండగా గనుల్లో పనికి వచ్చి, ఇక్కడి అమ్మాయి జోన్‌ని పెళ్లి చేసుకుని ఉండిపోయాడు. అసలే పార్కిన్సన్స్ అనే నరాల జబ్బు, దాని మీద న్యుమోనియా వచ్చి మూడు వారాలు మంచం పట్టాడు. ఊపిరితిత్తులు బాగుపడ్డాయి గానీ కుర్చీలోంచి లేవలేకపోతున్నాడు. కాళ్లలో సత్తువ ఉంది. మనసు లెమ్మన్నా ఒళ్లు మొదలుపెట్టదు. దీన్ని ఫ్రీజింగ్ అంటాం. అలాంటివాళ్లకి బయటి నుంచి ఒక సంకేతం అందించాలి. అంకెలు లెక్కపెట్టడమో, చప్పట్లో, నేల మీద గీతో ఏదో ఒకటి. దాన్ని క్యూ అంటాం.

శుక్రవారం డాక్టర్లతో ఫ్యామిలీ మీటింగ్ ఉంది. జోన్‌కి భుజం ఆపరేషన్ అయింది, భర్తని లేవదీయలేదు. ఎవరూ లాగకుండా ఆయన లేస్తే ఇంటికి పంపుతారు, లేకపోతే ముసలివాళ్లని చూసుకునే నర్సింగ్ హోమ్‌కి. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

సోమవారం ఆయన ఎదురుగా నిలబడి “వన్, టూ, త్రీ, స్టాండ్” అన్నాను. కదల్లేదు. మళ్లీ మొదలుపెట్టాను. ఇక ఆగలేక, నడుముకి కట్టిన బెల్టు పట్టుకుని లాగాను. సగం లేచి, వెనక్కి వాలి, కుర్చీలో కూలబడ్డాడు. మంగళవారం కూడా ఇదే తంతు. నన్ను చూడగానే కళ్లు మూసుకోవడం మొదలుపెట్టాడు.

మా వార్డు నర్సు సునీతది నల్గొండ. మొహమాటం లేని పిల్ల.

“అక్కా, నువ్వు త్రీ అనకముందే బెల్ట్ గుంజుతున్నవ్. గాయనకి టైమ్ యాడ ఇస్తున్నవ్?”

“ఇస్తూనే ఉన్నా కదే.”

“ఏం ఇస్తున్నవ్, నేను చూస్తలేనా? కాలేజ్ల ఫుట్‌బాల్ ఆడిండని వాళ్ల వైఫ్ చెప్పింది. గా ఆట పట్టుకొని ఏమన్న ట్రై చెయ్యరాదు?”

నాకు ఒళ్లు మండింది. నిజం చెప్పింది కాబట్టి ఇంకాస్త మండింది.

పెర్త్‌లో ఫుట్‌బాల్ అంటే ఆస్ట్రేలియా వాళ్ల సొంత ఆట ఫుటీయే. బుధవారం పొద్దున వ్యాయామాల గది అల్మారాలోంచి ఫుటీ బంతి ఒకటి తీసుకెళ్లి ఆయన ఒళ్లో పెట్టాను, మహా తెలివైన పని చేశాననుకుంటూ. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“రాంగ్ బాల్,” అన్నాడు. మూడు రోజుల్లో నాతో అన్న మొదటి మాట అది.

పక్కనే కూర్చున్న జోన్ నవ్వు ఆపుకోలేకపోయింది. “వాళ్ల దేశపు బంతి వేరే, లవ్. గ్యారేజ్‌లో ఉంది, ఈ ఆర్వో తెస్తాను.”

ఆర్వో అంటే ఇక్కడి యాసలో మధ్యాహ్నం తర్వాత; అన్నట్టే సాయంత్రానికి తెచ్చింది. తోలు పగిలి, గాలి సగం పోయిన గోధుమరంగు బంతి. దాని మీద సిరాతో పది మ్యాచ్‌ల స్కోర్లు రాసి ఉన్నాయి. 1967 నాటి కాలేజీ సీజన్ అది.

“ఎన్ని గెలిచారు?” అని అడిగాను.

“ఒకటి.”

గొంతు బాగా సన్నం, మాటకీ మాటకీ మధ్య చాలా ఎడం. ఈసారి మాత్రం ఆగి విన్నాను. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆయన ఆడింది సెంటర్ స్థానంలో. వరస మధ్యలో వంగి, నేల మీది బంతిని కాళ్ల మధ్య నుంచి వెనకవాడికి అందించే మనిషి. వెనకవాడు ‘హట్’ అని కేక వేస్తే అందరూ ఒక్కసారిగా కదలాలి. వీళ్లు కేకకి ముందే కదిలిపోయేవారట. అలా కదిలినప్పుడల్లా రిఫరీలు జట్టుని ఐదు గజాలు వెనక్కి పంపేవారు. సీజన్ సగంలో కోచ్ ఒక నియమం పెట్టాడు, మొదటి ‘హట్’కి ఎవరూ కదలకూడదు, రెండోదానికే.

“దాంతో గెలిచారా?”

“ఆఖరిది ఒక్కటే. కానీ మళ్లీ ఎవరూ తొందరపడలేదు.”

“కేక వేసేవాడు మీకు కనిపించడు కదా?”

“వెనక ఉంటాడు. వినాలి, అంతే.”

నాకు సిగ్గేసింది. మూడు రోజులుగా నేను నిలబడింది ఎదుటి జట్టు చోటులో. పైగా ముందుకు వంగి బరువు పాదాల మీదికి తెస్తేనే ఎవరైనా కుర్చీలోంచి లేవగలరు. సరిగ్గా ఆ వంగడమే ఈయన ఒకప్పుడు రోజూ చేసిన పని.

గురువారం బంతిని ఆయన ముందు ఒక పొట్టి స్టూలు మీద పెట్టాను. జోన్‌ని కుర్చీ వెనక నిలబెట్టాను. ఒక పక్క సునీత, ఇంకో పక్క నేను.

“హట్,” అంది జోన్.

ఆయన కదల్లేదు. నా చెయ్యి మాత్రం బెల్టు మీదికి వెళ్లిపోయింది.

“ఫైవ్ యార్డ్స్,” అన్నాడు వాల్ట్, తల తిప్పకుండానే.

“నిన్నే, లవ్. వెనక్కి వెళ్లమంటున్నాడు,” అంది జోన్.

సునీత పెదవి కొరుక్కుంటూ నన్ను చూసింది. ఆయన పక్కన తను ఉంది కదా అని ఐదడుగులు వెనక్కి వేశాను. చేతులు ఏం చేసుకోవాలో తెలియక కట్టుకున్నాను.

“హట్.” నేను కట్టుకున్న చేతులు విప్పలేదు. “హట్.”

ఆయన బంతి మీదికి వంగాడు. రెండు చేతులూ దాని మీద ఆనాయి, బరువు పాదాల మీదికి వచ్చింది, బంతితో సహా లేచి నిలబడ్డాడు. కాళ్లు గట్టిగా ఉన్నాయి.

“లేచిండక్కా,” అంది సునీత మెల్లగా. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

మర్నాడు మీటింగ్‌లో డాక్టర్ల ముందు మూడుసార్లు లేచాడు. సోమవారం ఇంటికి వెళ్లాడు.

మా ఫారాల్లో మనిషి ఏం చెయ్యలేడో రాయడానికి బోలెడు గళ్లున్నాయి. ఇంతకాలం ఎవరి మాట విని కదిలాడో రాయడానికి ఒక్కటీ లేదు. ఇప్పుడు నేను ముందు అదే అడుగుతాను, అంచులో రాసుకుంటాను. నా లెక్కకి లేవని మనిషిని అసలు లేవలేడనుకోవడం ఎంత తప్పో ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఆరు వారాల తర్వాత హోమ్ విజిట్‌కి వెళ్లాను. టీ తాగి బయల్దేరుతుంటే, గుమ్మం దాకా వస్తానన్నాడు వాల్ట్. జోన్ ఆయన వెనక్కి వెళ్లి నిలబడి “హట్,” అంది.

రెండోది వినిపించేదాకా నేనూ కదల్లేదు.