అత్తయ్య కోసం పెరిగిన మోటారు సైకిలు

మొన్న ఆదివారం ఉదయం ఏడున్నరకి ఏలూరులో మా గేటు ముందు ఒక మోటారు సైకిలు వచ్చి ఆగింది. ఆగింది అనడం కంటే లంగరు వేసింది అనడం సబబు. మా పై వాటాలో అద్దెకుండే డాక్టరమ్మ తమ్ముడు హైదరాబాదు నుంచి దాని మీద వచ్చాడు. ముందు గాలికి అడ్డంగా పెద్ద అద్దం, వెనక రెండు పక్కలా సూట్‌కేసుల్లాంటి పెట్టెలు, పాదాలు ఆనించుకోవడానికి వెడల్పాటి పలకలు, వెనక కూర్చునేవాళ్ళు వీపు ఆన్చుకోవడానికి మెత్త, పైగా పాటలు పాడే రేడియో. నేను లోపలికి వెళ్ళి కుట్టుమిషను సొరుగులోంచి టేపు తెచ్చి కొలిచాను. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా అరవై నాలుగు అంగుళాలు. బరువెంత బాబూ అంటే మూడువందల ఎనభై కిలోలన్నాడు. నోటిలెక్కన వీశెల్లోకి మార్చుకుంటే రెండువందల డెబ్భై ఒకటి చిల్లర. "ఇవన్నీ ఇప్పుడిప్పుడే వచ్చిన ఫీచర్లండీ, అమ్మమ్మగారూ" అన్నాడు గర్వంగా. కాదు నాయనా, రేడియో తప్పిస్తే మిగిలినవన్నీ మా మావయ్య 1954 వేసవిలో తాడేపల్లిగూడెంలో ఒక్కొక్కటే తగిలించాడు, అదీ తన కోసం కాదు, అని చెబుదామనుకున్నాను. ఈలోగా అతను టిఫినుకి పైకి వెళ్ళిపోయాడు. అందుకని మీకు చెబుతున్నాను.

మావయ్య, అంటే మా అమ్మకి తమ్ముడు, గూడెంలో ఒక రైసుమిల్లుకి ఇంజను డ్రైవరు. నేను వాళ్ళింట్లోనే ఉండి చదువుకునేదాన్ని. అప్పటికి నాకు పన్నెండు నిండి రెండు నెలలు. యుద్ధం కోసం అమెరికా నుంచి ఓడలో దిగి, యుద్ధమయ్యాక మిలటరీవాళ్ళు వదిలించుకున్న పెద్ద మోటారు సైకిలొకటి ఎన్నో చేతులు మారి ఆయన దగ్గరకి చేరింది. దాన్ని బియ్యం బస్తాలు తూచే కాటా మీదకి ఎక్కించి తూచాం. నూటడెబ్భై అయిదు వీశెలు. అంటే ఇరవై రెండు మణుగులకి ఒక్క వీశె తక్కువ. ఊరి పక్కనే యుద్ధకాలపు విమానాల రన్‌వే ఖాళీగా పడి ఉండేది. మావయ్య అక్కడే దాన్ని నడపడం నేర్చుకున్నాడు. నేర్చుకోవలసిన పనే అది. దానికి గేరు చేత్తో వెయ్యాలి, క్లచ్చి కాలితో తొక్కాలి. గేరు కర్ర పెట్రోలు ట్యాంకుకి ఎడమ పక్కన ఉండేది. ఇంగ్లీషు మోటారు సైకిళ్ళు పొట్టిగా, తేలిగ్గా ఉంటాయనీ, వాటి మీద ముందుకి వంగి కూర్చోవాలనీ, ఇది మాత్రం రోజంతా తిన్నటి రోడ్ల మీద పోయేవాళ్ళ కోసం చేసిందనీ ఆయన చెప్పేవాడు. అందుకే సీటు కిందికి, హేండిలు వెనక్కి, కాళ్ళు ముందుకి. ఇరుసుల మధ్య దూరం ఎక్కువ కాబట్టి తిన్నగా పోతుందిగాని మా వీధి మలుపులో మాత్రం రెండుసార్లు వెనక్కి తొయ్యాల్సి వచ్చేది. వెనక చక్రానికి స్ప్రింగులే లేవు. అలాంటి పెద్ద బళ్ళకి అవి రావడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. ఉన్న స్ప్రింగంతా సీటు కింద గొట్టంలో ఉండేది, అదీ నడిపేవాడికి మాత్రమే. వెనక ఇంకొకరు కూర్చునే చోటే లేదు. సిపాయికి పెళ్ళాన్ని ఎక్కించుకునే పనేముంటుంది?

అసలు సంగతి అక్కడే ఉంది. అత్తయ్యది కొల్లేరులో ఒక లంక గ్రామం, కైకలూరుకి ఇవతల. వాళ్ళమ్మకి పక్షవాతం వచ్చి పధ్నాలుగు నెలలైనా అత్తయ్య ఒక్కసారీ చూడలేకపోయింది. రెండు రైళ్ళు మారి పడవెక్కి వెళ్ళాలి. వెళ్ళడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు, ఉండడానికి ఒక రోజు. "మూడ్రోజులు ఈ పాడి ఎవరు చూస్తారే?" అనేది అమ్మమ్మ. ఆవిడ కఠినురాలు కాదు, ఇంట్లో నాలుగు గేదెలుండేవి, నడుం నొప్పి ఉండేది. ఎండాకాలంలో కొల్లేరు నీరు తీస్తుంది, గట్ల మీద బళ్ళు నడుస్తాయి. అప్పుడు మోటారు సైకిలు మీద పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి వచ్చెయ్యొచ్చని మావయ్య లెక్క చెప్పాడు. వెళ్ళేది ముప్పై ఆరు మైళ్ళు. అమ్మమ్మ మూడోనాడు తన తీర్పు చెప్పింది. "దీపాలు పెట్టేవేళకి ఇంట్లో ఉండాలి. పిల్ల మధ్యలో కూచుంటుంది. ఎవరి ఒంటి మీదయినా గీత పడిందో, ఆ భూతం మళ్ళీ మన వాకిట్లోకి రాదు." పిల్లంటే నేను. క్షేమంగా తిరిగొస్తే వేసవి పొడుగునా నెలకోసారి వెళ్ళొచ్చు. రాకపోతే అత్తయ్యకి ఆ దారి మూసుకుపోయినట్టే.

అప్పట్నుంచి మావయ్య బండి పెరగడం మొదలుపెట్టింది. మిల్లు వడ్రంగి చేత కానుగచెక్క బల్ల చేయించి వెనక బిగించి, దాని మీద కొబ్బరిపీచు పరుపు వేశాడు. అత్తయ్య ఒక పక్కకి కూర్చుని చూసింది. "కాళ్ళెక్కడ పెట్టుకోవాలండీ, గాల్లోనా?" అంది. పక్కన ఇనప పలక వచ్చింది. "చీర కుచ్చెళ్ళు చక్రంలోకి పోతాయి కదండీ" అంది. చక్రానికి వలలాంటి జల్లెడ వచ్చింది. "వెనక్కి పడిపోతే?" అంది. పాత కుర్చీ వీపు ఊడదీసి బిగించాడు. దుమ్ము మొహాన కొడుతుందంటే సినిమాహాలువాళ్ళు పారేసిన గాజులాంటి రేకు వంచి ముందు అడ్డంగా పెట్టాడు. చివరికి "పుట్టింటికి ఒట్టి చేతుల్తో వెళ్తానా?" అంది. మావయ్య నుదురు కొట్టుకుని, "నీకు బండి కాదే, ఇల్లు కావాలి!" అన్నాడు. "ఇల్లైతే మీరు కదిలించలేరు కదండీ" అంది అత్తయ్య. చక్రానికి అటొకటి ఇటొకటి రెండు రేకు పెట్టెలు వచ్చాయి. బరువు ఎంత కిందకి ఉంటే బండి అంత కుదురుగా ఉంటుందని వాటిని ఇరుసుకి దగ్గరగా వేలాడదీశాడు. వాన పడ్డా చుక్క లోపలికి పోకూడదని అంచులన్నీ తానే సీసం కరిగించి అతికాడు. ఆ పెట్టెలంటే ఆయనకి మహా గర్వం. రెండు పెట్టెల్లోనూ ఒకే బరువు ఉండేలా చూడడం నా ఉద్యోగం. వెళ్ళేటప్పుడు అటు సున్నుండలు, ఇటు మినపప్పు, సరిగ్గా నాలుగేసి వీశెలు తూచి పెట్టాను.

తెల్లవారకుండానే అయిదింటికి బయల్దేరి, భీమవరం, ఆకివీడు దాటి, గట్టెక్కి, తొమ్మిదింటికి చేరాం. గట్టుకి రెండు వైపులా కిక్కిస గడ్డి, మధ్యమధ్య ఆరిపోతున్న మడుగుల్లో కొంగలు, ఎండుబురద వాసన. ఇంజను చప్పుడికి పక్షులన్నీ ఒక్కసారిగా లేచేవి. లంకలో జనమంతా బండి చుట్టూ మూగితే అత్తయ్య మాత్రం దిగిన కాలు దిగినట్టే లోపలికి పరుగెత్తింది. నేను వెనకాలే వెళ్ళాను. వాళ్ళమ్మకి ఎడమ చెయ్యి ఒక్కటే ఆడుతోంది. ఆ చేత్తో అత్తయ్య జుట్టు మీది దుమ్ము దులపడం మొదలుపెట్టింది. మాట రావడం లేదు. దులుపుతూనే ఉంది. దుమ్మంతా పోయాక కూడా దులుపుతూనే ఉంది. మేం అక్కడున్నది మూడు గంటలు. ఆ మూడు గంటలూ అత్తయ్య ఆ మంచం పట్టె మీంచి లేవలేదు, అన్నం కూడా అక్కడే తింది.

బయల్దేరేముందు అత్తయ్య అన్నగారు రెండు కొర్రమీనులు తెచ్చాడు. ఒక్కొక్కటి నా చెయ్యంత పొడుగు. కొల్లేటివాళ్ళకి ఆడపిల్లని ఒట్టి చేతుల్తో పంపడం కంటే చిన్నతనం లేదు. ఆ చేప కూడా ప్రాణంతోనే అత్తవారింటికి చేరాలి. తడి గడ్డిలో చుడితే చాలదా బావా అని మావయ్య అడిగాడు. "రేకు పెట్టె కదండీ, ఈ ఎండకి పెనం అయిపోద్ది. ఉడికిన చేప పంపానని మీ అమ్మగారు నన్ను తిట్టరా?" అని ఆయన పెట్టెలో సగానికి నీళ్ళు పోసి చేపల్ని వదిలాడు. చుక్క కారలేదు. మావయ్య అతుకులు చూసి మురిసిపోయాడు. నేను చేపల కాటాతో తూచాను. నీళ్ళతో సహా ఆరు వీశెలు. అవతలి పెట్టెలో ఆరు వీశెలకి సరిపడా పధ్నాలుగు కొబ్బరికాయలు సర్దాను. ముల్లు నిటారుగా నిలబడింది. ఇంతకంటే సరైన లెక్క ఉండదనుకున్నాను.

లెక్క తప్పు. కొబ్బరికాయలు పెట్టిన చోటే ఉంటాయి, నీళ్ళు ఉండవు. గట్టు మీద రెండు మైళ్ళు వచ్చేసరికి బండి తాగినవాడిలా ఊగడం మొదలుపెట్టింది. చక్రం గుంటలో పడగానే నీళ్ళు ఒక వైపుకి ఎగిసేవి, మావయ్య సరిదిద్దేసరికి ఇంకో వైపుకి. దానికి తోడు ఆ చేపలు లోపల తోకల్తో డోలు వాయించేవి. "కదలకండర్రా!" అని అరిచాడు మావయ్య. "మేం కాదండీ, చేపలు!" అంది అత్తయ్య. మరు నిమిషం బండి నెమ్మదిగా, ఎంతో మర్యాదగా, గట్టు దిగి బురదలో ఒక పక్కకి పడుకుంది. ఇనప పలక నేలకి ఆనడంతో ఎవరి కాలూ దాని కింద పడలేదు. నా మోచెయ్యి మాత్రం అంగుళంన్నర మేర గీరుకుపోయింది. అత్తయ్య ముందు ఆ గీత చూసింది, తర్వాత సూర్యుణ్ణి చూసింది.

ముగ్గురం కలిసి ఎంత లేపినా లేవలేదు. ముప్పావుగంటకి బాతులు తోలుకుంటూ ఇద్దరు వచ్చారు. వాళ్ళల్లో పెద్దాయన బండిని చుట్టూ తిరిగి చూసి, "ఏవండీ బాబుగారూ, ఇది బండాండీ, గేదాండీ? బురద కనపడేసరికి పడుకుందే!" అన్నాడు. మావయ్యకి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. అయిదుగురం కలిసి లేపాం. ఇప్పుడేం చెయ్యాలి? "నీళ్ళతో ఇది ఇల్లు చేరదు" అన్నాడు మావయ్య. నీళ్ళు తీసేస్తే చేపలు చచ్చిపోతాయి, పుట్టింటి చేప దార్లో చావడం మంచిది కాదు. అత్తయ్య పెట్టె మూత తీసి చూసి, మావయ్య చేత పెట్టె విప్పించి, తానే రెండు చేతులా పట్టి మోసుకెళ్ళి పక్క కాలవలో వంచేసింది. రెండు నల్లటి వీపులు ఒక్కసారి మెరిసి మాయమయ్యాయి. నేను ఊరుకోవలసింది. కానీ "అత్తయ్యా, ఇటు పక్క ఖాళీ అయితే అటు పక్క కూడా ఖాళీ చెయ్యాలి" అన్నాను. అత్తయ్య నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. కొబ్బరికాయలు పధ్నాలుగూ బాతులవాళ్ళకి ఇచ్చేసింది. పుట్టింటి నుంచి రెండు ఖాళీ పెట్టెలతో బయల్దేరింది. ఖాళీ అయ్యాక బండి గీత గీసినట్టు తిన్నగా పరిగెత్తింది.

దార్లో మావయ్య అమ్మమ్మకి చెప్పడానికి ఒక కథ అల్లాడు. అత్తయ్య అన్నగారు ఊళ్ళో లేడని, ఈ బురద భీమవరం దగ్గర వానదని. ఏప్రిల్లో వానేమిటండీ అంది అత్తయ్య. ఇంటి ముందు దిగేసరికి ఆరూ పది. దీపాలకి ఇంకా ఇరవై నిమిషాలు. అమ్మమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. మావయ్య నోరు తెరవబోయేంతలో అత్తయ్య ముందుకి వచ్చింది. "పడ్డామండీ, అత్తయ్యగారూ. పిల్ల మోచెయ్యి గీరుకుంది. మా అన్నయ్య కొర్రమీనులు ఇస్తే నేనే కాలవలో వదిలేశానండీ. కొబ్బరికాయలు కూడా ఇచ్చేశాను. ఏమీ తేలేదండీ."

అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని వెలుతురుకి తిప్పి చూసింది. పెట్టెలు రెండూ తెరిచి చూసింది. ఒకదాంట్లో చేపల వాసన, ఒకదాంట్లో కొబ్బరిపీచు. తర్వాత అత్తయ్య మొహం చూసింది. "మీ అమ్మ నిన్ను గుర్తుపట్టిందా?" అని అడిగింది. పట్టిందండీ అంది అత్తయ్య. అంతవరకు ఏడవనిది అప్పుడు ఏడ్చింది. అమ్మమ్మ నా మోచేతికి పసుపు అద్దుతూ, ఎవరితోనో అన్నట్టు అంది. "వచ్చే నెల వెళ్ళినప్పుడు ఎండుచేపలు ఇమ్మని చెప్పవే మీ అన్నయ్యతో. వాటికి నీళ్ళక్కర్లేదు."

ఆ వేసవిలో మూడుసార్లు, మరుసటి వేసవిలో నాలుగుసార్లు వెళ్ళారు. ఆ శ్రావణంలో కొల్లేరు నిండుగా ఉండగా అత్తయ్య వాళ్ళమ్మ పోయింది. అప్పుడు ఏ బండీ వెళ్ళలేని దారి అది, పడవ మీదే వెళ్ళారు. నేను చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి లెక్క కట్టాను. ఏడు ప్రయాణాలు, ఒక్కొక్కటికి మూడేసి గంటలు, మొత్తం ఇరవై ఒక్క గంటలు. ఒక రోజుకి మూడు గంటలు తక్కువ. ఆ లెక్క అత్తయ్యకి చెబితే ఆవిడ తల అడ్డంగా ఊపి, "తప్పు వేశావే, చాలా ఉండాలి" అంది. మళ్ళీ వేశాను, ఇరవై ఒకటే వచ్చింది. కానీ ఈ వయసుకి వచ్చాక, గడియారం కొలిచిన కాలమూ మనిషి బతికిన కాలమూ ఒకే కాటాలో తూగవని ఒప్పుకుంటున్నాను.