వంట సినిమాలో రుక్కమ్మ పట్టిన తప్పు

“ఆ సినిమా చూసి రుక్కమ్మ పని మానేస్తే మన బుజ్జి గతేంటి?”

టికెట్లు ఫోన్‌లోకి వచ్చేశాక రసజ్ఞకు పుట్టిన భయమిది. భర్త ఆదర్శ్ చెప్పుల్లో కాళ్లు పెడుతూ, “సినిమా చూసి ఎవరూ పని మానరు. అలాగైతే మా ఆఫీసు ఎప్పుడో ఖాళీ అయ్యేది” అన్నాడు. ఆ ఆదివారం కూడా అతనికి రాయదుర్గంలో పని పడింది. మిగిలిపోయిన అతని టికెట్టే రుక్కమ్మకు దక్కింది.

రసజ్ఞ మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసింది. రెండేళ్ల బుజ్జి ఏ పూట ఎన్ని గ్రాములు తిన్నదో ల్యాప్‌టాప్‌లో పట్టిక రాస్తుంది. పట్టిక చెప్పేది ఒకటే: తల్లి తినిపిస్తే నాలుగు ముద్దలు, రుక్కమ్మ ఉంటే గిన్నె ఖాళీ.

వాళ్ల ఫ్లాట్‌లో రెండు పూటలా వంటచేసే రుక్కమ్మ సొంతూరు ఆ మదీనాగూడే. ఇప్పుడు వాళ్ల టవర్ ఉన్నచోట చిన్నప్పుడు జొన్నచేలో మంచె ఎక్కి పిట్టలను తోలిందట. లిఫ్ట్ ఎక్కిన ప్రతిసారీ, “గీడ మా మంచె ఉండె. నాలుగో అంతస్తంత ఎత్తు” అంటుంది. ఆ మంచె నెలకో అంతస్తు పెరుగుతోంది.

సినిమా హాయిగా ఉంది. పెళ్లిళ్లలో అంట్లు తోమే అమ్మాయి గరిటె పట్టి, పట్నం వచ్చి, పెద్ద హోటల్ పెడుతుంది. హాలంతా కళ్లు తుడుచుకుంటుంటే రసజ్ఞ మాత్రం తెర వదిలేసి రుక్కమ్మ ముఖమే చూసింది, ఆ కళ్లలో ఆశ ఎక్కడ మొలుస్తుందోనని.

తెరమీది అమ్మాయి పులుసు నాలిక్కి రాసుకుని అదే గరిటె మళ్లీ గిన్నెలో ముంచింది. వెంటనే రుక్కమ్మ కేక: “ఓ పిల్లా! ఎంగిలి గంటె!”

ముందు వరుసవాళ్లు తిరిగి చూశారు. “అవ్వా, జర మెల్లగ” అన్నాడొకడు.

“మెల్లగ చెప్తే దానికి ఇనపడ్తదా?”

హాలు గొల్లుమంది. కానీ చివర్లో, హోటల్ ప్రారంభం రోజున, రుక్కమ్మ కుర్చీలో ముందుకు వంగి ఊపిరి బిగబట్టింది. ఆశ మొలిచేసిందనుకుంది రసజ్ఞ.

మర్నాటి నుంచే ముందుజాగ్రత్త మొదలైంది. రుక్కమ్మ మానేసినా అదే రుచి రావాలని, పప్పులో పడే ప్రతి చిటికెడూ తూకానికి ఎక్కింది.

“ఆగండి రుక్కమ్మా, ఆ పిడికిలి ఒకసారి ఇక్కడ పెట్టండి.”

“నా చెయ్యి గూడ తూస్తవా ఏందమ్మా?”

బుధవారం రుక్కమ్మ రాలేదు. అదే పప్పును గ్రాము తేడా లేకుండా రసజ్ఞ వండింది. మూడో ముద్దను బుజ్జి గోడకు తినిపించింది.

గురువారం రసజ్ఞ ఇక ఉండబట్టలేక అడిగేసింది. “నిజం చెప్పండి. సినిమా చూశాక మీకూ హోటల్ పెట్టాలనిపిస్తోంది కదూ?”

“సినిమా చూసి పెట్టుడేంది? పోయిన నెలనే రొట్టెలు కాల్చే పెంక కొన్న. హఫీజ్‌పేట్ టేషన్ కాడ మాపటికి జొన్నరొట్టెలు చేస్త. ఒకటో తారీఖు సంది పొద్దుగాల ఒక్కపూటనే వస్త. చెప్తే ఏడుస్తవని ఆగిన.”

రసజ్ఞ ఏడ్చేసింది. పట్టిక తెరిచి చూపిస్తూ, “మరి సాయంత్రం బుజ్జికి అన్నం? అన్నీ మీలాగే వేశానండీ, తేడా ఎక్కడుంది?” అంది.

రుక్కమ్మ పట్టిక వైపు చూడనే లేదు. “తినిపిచ్చేటప్పుడు నీ కంచం ఏడుంటది?”

“నేను తర్వాత తింటాను.”

“గదే! సినిమా పిల్ల గూడ గంతే. ఊరందరికి వండింది, ఒక్కపారన్న కూసోని తిన్నదా? గిప్పుడన్న తింటదేమోనని ఆఖరిదాంక చూసిన.”

కుర్చీలో ముందుకు వంగింది అందుకా అని రసజ్ఞ నోరు తెరిచింది.

“నేనేమన్న బుజ్జికి తినిపిస్తున్ననా? కిందకూసోని నా బువ్వ నేను తింట. అదే వచ్చి నా కంచంల చెయ్యి పెడ్తది.”

“మీ కంచంలోనా! మరి ఎంగిలి?”

“పసిపిల్లకు ఎంగిలేంది? గది సినిమావాళ్లకు. ఇగ ఫికర్ చెయ్యకు. దాని నోరు చూసుడు బంద్ చెయ్. ముందుగాల నువ్వు కడుపునిండ తిను.”

పట్టిక ఇప్పటికీ ఉంది. సాయంత్రం ఆదర్శ్ హఫీజ్‌పేట్ నుంచి రుక్కమ్మ చేసిన వేడి రొట్టెలు తెస్తాడు. రసజ్ఞ కింద కూర్చుని, బుజ్జి వైపు చూడాలని మెడ ఎంత లాగినా చూడకుండా, ముందు తను తింటుంది.